ఆయన పేరు మీద నడిచిన పని

మా ఆయన బతికున్నన్నాళ్ళు చేసిన పని ఆ ఆస్పత్రిలో ఎవరి కంటికీ ఆనలేదు. పోయాక మాత్రం, చేయని తప్పును పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ల్యాబు కౌంటరు అద్దానికి అంటించారు. ఆ కాగితం చదివిన రోజు నుంచి నేను అన్నం మానేశానంటే అబద్ధం. తింటున్నాను, పడుకుంటున్నాను, బట్టలు ఉతుకుతున్నాను. కానీ ఏ పని చేస్తున్నా లోపల ఆ కాగితంతో పోట్లాడుతూనే ఉన్నాను. నాకు చదువు అంతంతమాత్రం, రాసే అలవాటు అసలే లేదు. అయినా ఆయన ఎలాంటి మనిషో నేను చెప్పకపోతే, ఇక ఆ కాగితం చెప్పిందే నిజమైపోతుంది.

ఆయన ఆ ఆస్పత్రిలో చేరింది కంప్యూటర్ల పనికి కాదు, ఏసీలు బాగుచేసే పనికి. నేలమాళిగలో మిషన్ల గది అని ఒకటుంది. అది ఎప్పుడూ చల్లగా ఉండాలి. చల్లదనం తగ్గితే లోపలి మిషన్లు వేడెక్కి ఆగిపోతాయి. ఏసీ ఫిల్టర్లు కడగడానికి ఆ గదికి వెళ్ళిన మనిషి, కడగడం అయిపోయినా కదలకుండా, అక్కడి పెద్దాయన కుర్చీ వెనక నిలబడి ఇదేమిటి, అదెందుకు అని అడిగేవారట. ఆ పెద్దాయనకు అడిగేవాళ్ళంటే ఇష్టం. అడిగినదల్లా చెప్పాడు. సాయంత్రం పూట ఏదో కోర్సు చేయమన్నాడు, చేశారు. పెద్దాయన రిటైరయ్యేనాటికి ఈయన ఆ గదిలోపలి మనిషైపోయారు. మావాడు రెంచీ పట్టుకుని లోపలికెళ్ళి కీబోర్డు పట్టుకుని కూర్చున్నాడని మా అత్తయ్య కనబడినవాళ్ళందరికీ చెప్పుకునేది.

మండే ఎండల్లో కూడా ఆయన సంచిలో స్వెట్టరు ఉండేది. బస్సులో అందరూ చెమటలు తుడుచుకుంటుంటే ఈయన ఒళ్ళో స్వెట్టరు చూసి జనం అదోలా చూసేవాళ్ళట. మోచేతుల దగ్గర అరిగిపోతే నేనే రెండుసార్లు అతుకులు వేశాను, ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు. కొత్తది కొనుక్కోమంటే, ఆ గదిలో మిషన్లు తప్ప నన్ను చూసేదెవరు అనేవారు.

మీవారు ఏం పని చేస్తారని పక్కవాటా ఆవిడ అడిగితే, కాపీలు తీస్తారని చెప్పాను. ఆవిడ చాన్నాళ్ళు జిరాక్సు షాపనే అనుకుంది. ఆస్పత్రిలోనూ ఆయన్ని కాపీ మాస్టారు అనేవాళ్ళు. పరీక్షలో కాపీ కొడితే బయటికి గెంటుతారు, ఈయనకు మాత్రం జీతమిచ్చి కొట్టిస్తున్నారని ఆయన వెనకే కాదు, ఎదురుగా కూడా జోకులేసేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వి, ఇంటికొచ్చి ఆ జోకు మాకు చెప్పేవారు.

ఒక సెలవు రోజు నేనే కూర్చోబెట్టి అడిగాను, ఇన్నేళ్ళయింది, అసలు మీరు చేసేదేమిటో నాకూ తెలియాలిగా అని. ఆయన మా ఇల్లే చూపించి చెప్పారు. మేముండేది వాటాల ఇల్లు. పునాది ఒకటే, కప్పు ఒకటే, నీళ్ళ ట్యాంకు ఒకటే. అయినా ఎవరి తలుపు వారిది, ఎవరి తాళం వారిది, ఎవరి గొడవలు వారివి. అక్కడా అంతేనట. ఇనుప పెట్టె ఒకటే ఉంటుంది. దానిలోపల బోలెడు మిషన్లు వాటాలు వేసుకుని కాపురముంటాయి. ల్యాబుది ఒకటి, మందుల షాపుది ఒకటి, జీతాలది ఒకటి. వాటిని చేత్తో ముట్టుకోలేం, విడిగా తీసి బల్ల మీద పెట్టలేం. అయినా ప్రతిదీ నేనే ఒక పూర్తి మిషన్ననే అనుకుంటుందట. ఆ ఇనుప పెట్టెకు ఏమైనా అయితే అన్ని కాపురాలూ ఒక్కసారే వీధిన పడతాయి. అందుకే కాపీలు.

మరి రోజూ అన్నిటికీ మొత్తం కాపీ తీస్తారా అన్నాను. రోజూ ఇల్లంతా ఫొటోలు తీస్తే, ఫొటోలు దాచడానికే ఇంకో ఇల్లు అద్దెకు తీసుకోవాలి అన్నారు. ఆదివారం ఒక్కసారి మొత్తం ఇల్లు తీస్తారు. తర్వాత రోజూ, ఏది మారిందో అంతవరకే. సోమవారం కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది. మంగళవారం నువ్వు టీ కప్పు పగలగొట్టావు. నేనెప్పుడు పగలగొట్టాను, పగలగొట్టేది మీరేగా అన్నాను. సరే, నేనే పగలగొట్టాను, బుధవారం అమ్మ మంచం దిశ మార్పించింది. గురువారం ఇల్లు కూలిందనుకో. బుధవారం నాటి ఇల్లు మళ్ళీ నిలబెట్టాలంటే ఆదివారం ఫొటో ముందేసుకుని, దానిమీద సోమవారం మార్పు, మంగళవారం మార్పు, బుధవారం మార్పు వరసగా చేసుకుంటూ రావాలి. మధ్యలో ఏ ఒక్కరోజుది పోయినా ఆ తర్వాతవన్నీ దండగే. అది విన్నాక, ఆయన ఇంట్లో తాళంచెవులు మేకుకు తగిలించేటప్పుడు కూడా వరస తప్పనివ్వరెందుకో నాకు కొంచెం అర్థమైంది.

కాపీ తీసి ఊరుకునేవారు కాదు. తీసింది పనికొస్తుందో లేదో చూడాలని, వారానికి ఒక వాటాను పట్టుకుని, ఎవరికీ అడ్డం రాని ఖాళీ చోట దాన్ని కాపీల్లోంచి లేపి నిలబెట్టేవారు. అది నిలబడి పలికితే, చెరిపేసి ఇంటికొచ్చేవారు. ఇవాళ మందుల షాపును లేపానమ్మా అని గుమ్మంలోనే వాళ్ళమ్మతో చెప్పడం, అది విని పక్కవాటా ఆవిడ కంగారుపడి పోలీసులు గానీ వస్తారా అని నన్ను అడగడం ఒకసారి జరిగింది. ఆ మాట చెప్పుకుని ఏడాది పొడుగునా నవ్వుకున్నాం.

ఇంట్లోనూ అదే తీరు. కళ్ళజోళ్ళు రెండు. వీధి తలుపు తాళంచెవులు ఆయన దగ్గరొకటి, నా దగ్గరొకటి, పక్కవాటాలో ఒకటి. కుక్కరు వాషరు పాతది పాడవకముందే కొత్తది డబ్బాలో ఉండాలి. మా అత్తయ్య ఊరుకునే మనిషి కాదు.

"ఒరేయ్, అన్నీ రెండేసి పెట్టుకున్నావు, పెళ్ళాన్ని ఒక్కదాన్నే చేసుకున్నావేంరా?"

"స్పేరు దొరకలేదమ్మా. ఆ కంపెనీ వాళ్ళు ఇలాంటిది ఒకటే చేశారట."

ఆ మాటకు నేను గరిటె చూపించాను. అలాంటి ఇల్లు మాది.

ఇప్పుడు ఆ మిషన్ల శాఖ ఇన్‌చార్జి గారి సంగతికి వస్తాను. నాకు కోపముంది, కానీ మర్యాద తప్పడం నాకు రాదు, అందుకని గారు అనే రాస్తాను. పెద్దాయన రిటైరయ్యాక పైనుంచి వచ్చారు ఈయన. ఆ మిషన్లలో ఏ పని జరగాలన్నా ఒక పేరూ రహస్య పదమూ ఉండాలట. పేరు చెప్పనిదే ఏ వాటా తలుపూ తీయదు. కాపీల పని అంతా రాత్రిపూట దానంతటదే నడిచేది. కానీ లోపలికి వెళ్ళేది మాత్రం మా ఆయన పేరు చెప్పి. పెద్దాయన వెళ్ళేటప్పుడు, ప్రస్తుతానికి నీ పేరు మీద పెట్టు, కొత్త సారు వచ్చాక విడిగా పేరు అడుగు అని చెప్పి వెళ్ళాడట. ఆ పనికి మనిషి పేరు కాకుండా, శాఖ పేరు మీద ఒకటి పెట్టాలి. దానికి ఇన్‌చార్జి గారు సరేననాలి, అంతే. మా ఆయన అడుగుతూనే ఉన్నారు. చూద్దాం అనేవారు ఆయన. చూడటం కూడా ఒక పనేనని అనుకునే మనుషులుంటారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేం భోజనాల దగ్గరుండగా ఇన్‌చార్జి గారే ఏదో పని మీద ఫోను చేశారు. మా ఆయన చెయ్యి ఎంగిలిగా ఉంది. నేను ఫోను తీసి ఉప్పు డబ్బాకు ఆనించి, స్పీకరు పెట్టాను. అత్తయ్య గడప దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. వచ్చిన పని మాట్లాడటం అయ్యాక ఈయన మళ్ళీ అడిగారు, సార్, ఆ పేరు సంగతి అని. అప్పుడాయన అన్న మాట మా ముగ్గురమూ విన్నాం.

"అబ్బా, మీ పేరు మీద నడుస్తోందిగా మాస్టారూ, నడవనివ్వండి. మీరెక్కడికి పోతారు చెప్పండి?"

ఈయన నవ్వి, ఎక్కడికీ పోను సార్, అయినా అని ఏదో అనబోయారు. మరింకేం అని ఆయన ఫోను పెట్టేశారు. అత్తయ్య బఠాణీల మీంచి తలెత్తకుండానే, నిజమేగా, ఎక్కడికి పోతావురా నువ్వు అంది. ముగ్గురమూ నవ్వాం.

మా ఆయన మీద కూడా నాకు కోపం లేకపోలేదు. గట్టిగా అడిగి ఉండాల్సింది. ఆయనకు గట్టిగా అడగడం రాదు. ఎదుటివాళ్ళు నవ్వితే తనూ నవ్వేస్తారు. పైగా అంత పెద్ద ఆస్పత్రి కాపీలన్నీ తన పేరు చెప్పుకుని నడవడం ఆయనకు లోపల్లోపల కాస్త ముచ్చటగానే ఉండేదేమో. ఉంటే ఉండనీ. ఆ మాత్రం ముచ్చట పడే హక్కు ఆయనకు లేదా?

ఆయన ఆస్పత్రి మెట్ల మీదే కూలిపోయారు. చేతి దూరంలో డాక్టర్లున్నారు, పరుగెత్తుకొచ్చారు, అయినా గుండె నిలబడలేదు. అందులో ఎవరి తప్పూ లేదని పెద్ద డాక్టరు నా పక్కన కూర్చుని చెప్పారు. నమ్మాను. ఆయన అబద్ధం చెప్పే మనిషిలా లేరు. తర్వాత ఆస్పత్రి హాల్లో సంతాప సభ పెట్టారు. గుర్తింపు కార్డు మీది ఫొటోను పెద్దది చేయించారు, ముఖం అలికేసినట్టుగా వచ్చింది. ఇన్‌చార్జి గారు మైకు పట్టుకుని, ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేనిది అన్నారు. నేను, అత్తయ్య ముందు వరస కుర్చీల్లో కూర్చుని తలలూపాం. వచ్చేటప్పుడు ఆయన సంచి ఇచ్చారు. స్వెట్టరు, టిఫిను డబ్బా, రెండో కళ్ళజోడు ఉన్నాయి అందులో. గుర్తింపు కార్డు మాత్రం ఇవ్వలేదు. అది ఆస్పత్రిదట, రూలట.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అత్తయ్యకు మూత్రపిండాల జబ్బుంది, నెలనెలా రక్తపరీక్ష చేయించాలి. డాక్టరు ఈ నెలది చూసి ఊరుకోరు. పోయిన నెలతో, అంతకుముందు నెలతో పోల్చి, ఎక్కుతోందా దిగుతోందా చూసి మందు మారుస్తారు. పరీక్షకు వేరే ఆస్పత్రికి పోదామన్నాను నేను, ఆ మెట్లు ఎక్కలేక. అత్తయ్య ఒప్పుకోలేదు. మావాడు పనిచేసిన చోటు, నా రిపోర్టులన్నీ వాడి చేతి కింద ఉంటాయి అనేది. ఆయన పోయాక కూడా ఆ మాట మార్చలేదు. నెలలు గడిచాయి. నెలకోసారి మేమిద్దరం చేతులు పట్టుకుని ఆ మెట్లు ఎక్కి దిగుతున్నాం.

ఆ రోజు వెళ్ళేసరికి ల్యాబు ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఇనుప పెట్టె పాడైపోయిందని, ల్యాబు మిషను పోయిందని, దాన్ని మళ్ళీ లేపినా అందులో చాలా రిపోర్టులు లేవని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు కనబడింది అద్దం మీది కాగితం ఒక్కటే. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. ముఖ్య గమనిక, దివంగత మాజీ సాంకేతిక ఉద్యోగి నిర్లక్ష్యం కారణంగా, ఈ కింది తేదీల మధ్య జరిగిన పరీక్షల రిపోర్టులు అందుబాటులో లేవు, రోగులు తిరిగి పరీక్షలు చేయించుకోవలసిందిగా మనవి అని ఉంది. కింద, అసౌకర్యానికి చింతిస్తున్నాము అని.

పసిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ అద్దం దగ్గర నిలబడి ఉంది. బిడ్డ చేతికి దూది అంటించి ఉంది. అంటే సూది మళ్ళీ పొడిచారన్నమాట. చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు గానీ వీడి చెయ్యి విరిగిపోనూ అంది ఆవిడ. వెనక ఫైలు పట్టుకున్న ఒకాయన, పోతూ పోతూ మనందరి రిపోర్టులూ మూటగట్టుకుని పోయాడు మహానుభావుడు, పైన చూపించుకోవాలేమో అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. బిడ్డకు సూది నొప్పి తెలిసిన ఏ తల్లయినా తిడుతుంది. ఆవిడ నోట్లో ఆ తిట్టు పెట్టినవాళ్ళ మీదే వచ్చింది.

అత్తయ్యకు కళ్ళలో పొర, చదవలేదు. నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"ఏమని రాశారే?"

"మిషను పాడైందట అత్తయ్యా."

"మిషను పాడైతే, చెయ్యి విరగాలని తిడుతుందేమిటి ఆవిడ? మిషనుకు చేతులుంటాయా?"

నా మోచెయ్యి మీద ఆవిడ పట్టు బిగిసింది. దివంగత అన్న మాట ఎవరో పైకి చదివారు, అది ఆవిడ చెవిన పడింది.

అప్పుడు నేను ఆ తేదీలు చూశాను. ముందు అంత పట్టించుకోలేదు. మొదటి తేదీ చూసి, మళ్ళీ చూసి, వేలు పెట్టి చూశాను. దాని ముందురోజు ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రోజే ఆయన మెట్ల మీద కూలింది. ఆ కాగితం ప్రకారం, మా ఆయన నిర్లక్ష్యం మొదలైంది ఆయన పోయిన మర్నాటి నుంచి. బతికున్న రోజుల్లో ఒక్కరోజు కూడా లేదు.

అత్తయ్యను బల్ల మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, పై అంతస్తుకు వెళ్ళాను. నేను ఎవరింటికైనా పిలిస్తేనే వెళ్ళే మనిషిని. ఆ రోజు తలుపు కూడా కొట్టలేదు. గదిలో ఇన్‌చార్జి గారున్నారు. పక్క బల్ల దగ్గర మా ఆయన స్థానంలో చేరిన టెక్నీషియనమ్మాయి ఉంది, ముప్పై దాటి ఉంటాయి. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి, కూర్చోండక్కా అంది. ఇన్‌చార్జి గారు టీ చెప్పనా అన్నారు. వద్దన్నాను. కింద కాగితం సంగతి అడిగాను.

"అది జనరల్‌గా రాసిందమ్మా. ఎవరి పేరూ రాయలేదు కదా."

"మీ శాఖలో దివంగతులు ఇంకెవరున్నారండీ?"

ఆయన కుర్చీలో సర్దుకున్నారు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెబుతున్నట్టు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. ఎవరు వెళ్ళిపోయినా వాళ్ళ పేరును మిషన్లలో వెంటనే మూసేయాలి, అది రూలు. మాస్టారు పోయిన మర్నాడు పొద్దున్నే మూసేశారు. అంటే మేం ఆయన్ని ఇంటి నుంచి సాగనంపకముందే. కాపీల పని ఆ పేరు మీదే నడుస్తోంది కాబట్టి, ఆ రాత్రి నుంచి ఏ వాటా తలుపూ తెరుచుకోలేదు. అంత ముఖ్యమైన పనిని సొంత పేరు మీద పెట్టుకోవడం నిర్లక్ష్యం కాక ఏమిటో మీరే చెప్పండమ్మా అన్నారు. నన్నే చెప్పమన్నారు.

చెప్పాను. నా గొంతు పెద్దది కాదు, అరిచే అలవాటు లేదు. ఆ ఆదివారం ఫోను ఎక్కడ ఆనించి ఉందో, స్పీకరు ఎందుకు పెట్టామో, గడప దగ్గర ఎవరు కూర్చుని ఉన్నారో చెప్పాను. "మీరెక్కడికి పోతారు చెప్పండి అన్నారు మీరు."

"మాటవరసకి అని ఉంటానమ్మా."

"ఆయన మాటవరసకి పోలేదండీ."

నాకు ఇంకొక్క సంగతి అర్థం కాలేదు. నెలల తరబడి కాపీలు ఆగిపోతే ఆ మిషను నోరు మూసుకుని ఊరుకుందా అని అడిగాను. ఇన్‌చార్జి గారు కిటికీ వైపు చూశారు. జవాబు టెక్నీషియనమ్మాయి చెప్పింది.

"ఊరుకోలేదక్కా. కాపీ కాలేదు, కాపీ కాలేదు అని రోజూ మెయిలు పంపింది. అన్నీ మాస్టారి మెయిలుకే వెళ్ళాయి. నన్ను చేరినప్పటి నుంచీ ప్రింటర్ల పనికే పంపిస్తున్నారు. ఇది పాడయ్యాకే చూశాను."

ఇన్‌చార్జి గారు ఆ అమ్మాయి వైపు చూసిన చూపు నేను చూశాను. ఆ అమ్మాయి తల దించుకోలేదు.

పోయిన మనిషికి, పోయినాడని తెలిసి పేరు మూసేసిన మనిషికి, ఆ మిషను రోజూ కబురు పంపింది. అందుకునే మనిషి లేడని చూసిన నాథుడు లేడు. లోటు ఎవరూ తీర్చలేరని మైకులో చెప్పి, ఆ లోటు ఎక్కడుందో చూడటానికి ఒక్కరూ ఆ నేలమాళిగ మెట్లు దిగలేదు. చివరికి పెట్టె పాడయ్యాక, ఎవరి మీద రాయాలా అని చూస్తే, తిరిగి మాట్లాడలేనివాడు ఒక్కడే కనబడ్డాడు.

ఆ కాగితం తీసేయమన్నాను. పైవాళ్ళతో మాట్లాడాలి, మార్చి రాయిస్తాను అన్నారు. ఎవరితో మాట్లాడారో, ఫోను పెట్టేసి టైపు చేయించారు. కొత్త కాగితం వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల అని ఉంది. మిగతాదంతా అదే.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతకంటే నేనేం చేయగలనమ్మా?"

"కింద మా అత్తయ్య కూర్చుని ఉంది. ఆ ఫోను ఆవిడా వింది. మీరొచ్చి మీ నోటితో చెప్పండి, మా వల్లే అని."

ఆయన వచ్చారు. ముసలావిడ కదా, నాలుగు మంచి మాటలు చెబితే సరిపోతుందనుకుని ఉంటారు. తనే పాత కాగితం చింపి, కొత్తది అద్దానికి అంటించారు. అత్తయ్య బల్ల మీంచి లేచి వచ్చింది. నమస్కారమమ్మా, మాస్టారంటే మాకు ఎంతో గౌరవం అని ఆయన మొదలుపెట్టారు. ఆవిడ వినలేదు.

"నాకు కళ్ళు ఆనవు నాయనా. ఏం అంటించావో చదువు."

ఆయన చదివారు. జనం దగ్గరికి జరిగారు.

"మొదటి తేదీ ఇంకోసారి చదువు."

చదివారు, ఈసారి గొంతు తగ్గించి.

"దానికి ముందురోజే నా కొడుకు పోయింది." ఆవిడ కౌంటరులో అమ్మాయి వైపు తిరిగింది. "ఏమ్మా, మావాడు ఉన్నన్నాళ్ళ రిపోర్టులు ఉన్నాయా, అవీ పోయాయా?"

ఆ అమ్మాయి తెర మీద వెతికి, ఉన్నాయండీ, ఆ రోజు దాకా ఒక్కటి కూడా పోలేదు అంది. తర్వాత ఇన్‌చార్జి గారు ఎదురుగా ఉన్నారని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

ఫైలు పట్టుకున్నాయన ఇందాకటి నవ్వు మర్చిపోయి, అదేమిటండీ, పోయినాయన పోయాక జరిగినదానికి పోయినాయన మీద రాస్తారా అన్నాడు. బిడ్డ తల్లి బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుని మా అత్తయ్యకు దారి ఇచ్చింది.

అత్తయ్య మాత్రం ఇన్‌చార్జి గారినే అడిగింది. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగింది.

"ఇందాకటి కాగితంలో మనిషిని రాశావు. ఇందులో మనిషి లేడే? సాంకేతిక కారణమంటున్నావు, దాని పేరేమిటి నాయనా?"

ఆయన జేబులో ఫోను మోగిందో, మోగినట్టు తీశారో, చెవి దగ్గర పెట్టుకుని మెట్ల వైపు వెళ్ళిపోయారు. అద్దానికి అంటించిన టేపు ఒక మూల ఊడి వేలాడుతోంది.

అత్తయ్య జాకెట్టు చెయ్యి పైకి మడిచి, చెయ్యి చాచి కౌంటరు మీద పెట్టింది. పొడవమ్మా, నా రక్తానికేం కరువు, మళ్ళీ పొడువు అంది. సూది దిగుతున్నప్పుడు నా వేళ్ళు పట్టుకుంది. ఆవిడ ఏడ్చింది సూదికి కాదు. ఇల్లు చేరాక ఆవిడ ఆయన స్వెట్టరు తీసి, ఒళ్ళో పెట్టుకుని, నా నీలం అతుకు మీద వేలితో రాస్తూ కూర్చుంది.

కొన్నాళ్ళకు టెక్నీషియనమ్మాయి ఫోను చేసింది. నేను వంటలో ఉండి, ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి, స్పీకరు పెట్టాను. ఆ పనికి ఇప్పుడు శాఖ పేరు పెట్టారట. మిషను పంపే మెయిళ్ళు ఇప్పుడు ముగ్గురికి వెళ్తాయట. వారానికి ఒక వాటాను తను లేపి చూస్తోందట, మాస్టారు చేసేవారని ఏసీ వాళ్ళు చెప్పారట. సంతోషమమ్మా అన్నాను. అని ఊరుకోలేకపోయాను.

"ఆ పేరు మార్చడానికి ఎంతసేపు పట్టింది?"

"ఎంతసేపో కాదక్కా. టీ చెప్పాం. టీ వచ్చేలోపు అయిపోయింది."

అత్తయ్య గడప దగ్గరే ఉంది, వింది. ఎన్నేళ్ళు అడిగాడే వాడు అంది. నేను స్టవ్ తగ్గించి నిలబడ్డాను. టీ వచ్చేలోపు అయ్యే పనికి ఆయన ఏళ్ళ తరబడి నవ్వుతూ అడిగారు. నవ్వుతూనే కాదన్నారు వాళ్ళు.

ఆ కొత్త కాగితం ఇంకా అద్దం మీదే ఉందట. దానిలో ఎవరి పేరూ లేదు. ఇన్‌చార్జి గారు అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నారు. ఎక్కడికీ పోలేదు.